డాబా మీద కుండీలో అంజీర్: పొట్టిగా ఉండి కాసే రకం ఏది?

మీరు రాసింది చదివాను. విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు డాబా, మూడు కుండీలకు చోటు. రెండేళ్ల కింద తెచ్చిన అంజీర్ మొక్క వాటర్ ట్యాంక్ పక్కన ఎనిమిది అడుగులు పెరిగింది. బఠాణీ గింజంత పిందెలు నాలుగు వచ్చి రాలిపోయాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో "డ్వార్ఫ్ అంజీర్" అని 1500 రూపాయలకు ఒక మొక్క కనిపించింది. అది తీసుకోవచ్చా, లేకపోతే కుండీలో పొట్టిగా ఉండి కాసే రకం ఇంకేదైనా ఉందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ 1500 పెట్టకండి. ఉన్న మూడు చోట్లలో ఒకటి బ్రౌన్ టర్కీకి, ఒకటి పూనా రకానికి ఇవ్వండి. మూడోది మీ పాత చెట్టుకే ఉంచండి, దాని సంగతి చివర్లో చెప్తాను. విశాఖలో అంజీర్ రకం ఎంచుకునేటప్పుడు ఎత్తు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఎత్తును కుండీ, కత్తెర చూసుకుంటాయి. రకంలో మనం చూడాల్సింది రెండు విషయాలు: పండు అడుగున ఉండే కన్ను, ఏటా గట్టిగా కత్తిరించినా కాసే గుణం.

నేను సీతమ్మధారలో మా డాబా మీద పదకొండేళ్లుగా అంజీర్ పెంచుతున్నాను. ఇప్పుడు ఐదు కుండీలు ఉన్నాయి. ఇక్కడ రాసేదంతా వాటితో తెలుసుకున్నదే.

"డ్వార్ఫ్" అనే మాట సంగతి చూద్దాం. అంజీర్‌లో సహజంగా పొట్టిగా పెరిగే రకాలు ఉన్నాయి, కానీ తక్కువ. వాటిని పోల్చుకునే గుర్తు కణుపుల మధ్య దూరం. కాండం మీద ఆకు రాలిన మచ్చలు వరసగా కనిపిస్తాయి కదా, ఒక మచ్చకీ పై మచ్చకీ మధ్య వేళ్లు పెట్టి చూడండి. ఒక వేలో, ఒకటిన్నర వేలో పడితే అది దగ్గర కణుపుల మొక్క. మూడు నాలుగు వేళ్లు పడితే, ఒకటి అది బాగా ఎగబాకే రకమైనా అయి ఉండాలి, లేదా నీడలో పెరిగినదైనా అయి ఉండాలి. కాయ ప్రతి ఆకు మొదట్లో వస్తుంది కాబట్టి కణుపులు దగ్గరగా ఉంటే అదే అడుగు కొమ్మ మీద ఎక్కువ కాయలు పడతాయి. కుండీలో పెంచేవాళ్లకు దగ్గర కణుపులతో అసలు లాభం ఇదే. ఇక ఎత్తు అంటారా, నేలలో పాతిక అడుగులు పోగల అంజీర్ కూడా పద్దెనిమిది అంగుళాల గ్రో బ్యాగ్‌లో వేర్లు ఇరుకై తనంతట తానే తగ్గుతుంది. ఏడాదికోసారి కత్తిరిస్తే ఐదడుగులు దాటదు. వేరు ఇరుకైతే కాపు మానేసే చెట్లు చాలా ఉన్నాయి. అంజీర్ అలాంటిది కాదు, కాస్త ఇరుకు చేస్తేనే కాపు మీద పడుతుంది.

నేను కూడా ఒకసారి ఈ మాటకే మోసపోయాను. ఐదారేళ్ల కింద ఒక అమ్మకందారు దగ్గర "డ్వార్ఫ్ బ్లాక్ అంజీర్" అని తీసుకున్నాను. ఫొటోలో నల్లటి చిన్న పండు, లోపల ఎర్రటి గుజ్జు. రెండేళ్లు కుండీలో సాకాక వచ్చిన పండు పచ్చటి పసుపు, నిమ్మకాయకు రెండింతలు ఉంది. మొక్క చెడ్డదేం కాదు, కానీ అది నేను అడిగింది కాదు. మొక్కకు కట్టిన చీటీ తప్ప రకానికి వేరే రుజువు లేనప్పుడు ఎక్కువ డబ్బు పెట్టకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆ డబ్బు కంటే ఎక్కువ బాధ పెట్టింది పోయిన రెండు వేసవులు.

ఇప్పుడు కన్ను గురించి. విశాఖలో అంజీర్ పెంచాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇది. అంజీర్ పూయకుండా కాస్తుందంటారు గానీ, పువ్వులు ఆ కాయ లోపలే ఉంటాయి. లోపలికి దారి కాయ అడుగున ఉన్న చిన్న రంధ్రం, దాన్నే కన్ను అంటున్నాను. కొన్ని రకాల్లో అది పెసరగింజ పట్టేంత తెరిచి ఉంటుంది. కొన్నిటిలో పొలుసులు మూసుకుని గుండుసూది కూడా దూరదు. పుణె పక్కన పొడి గాలిలో తెరిచిన కన్నుతో పెద్ద ఇబ్బంది లేదు. మన దగ్గర సముద్రపు గాలిలో తేమ రాత్రీ పగలూ ఉంటుంది. జూలైలో పండిన ఒక పండును దగ్గరగా చూడండి. కన్ను చుట్టూ సన్నటి తడి వలయం, దాని మీద చిన్న ఎర్ర చీమలు, వేలితో నొక్కితే కల్లు వాసన వచ్చే నురగ. పైకి పండు నిండుగా మెరుస్తూనే ఉంటుంది, లోపల పులిసిపోయి ఉంటుంది. వాన నీరు, ఈగలు, చిన్న పెంకు పురుగులు అన్నీ ఆ కన్నులోంచే దూరుతాయి. అమెరికా దక్షిణ తీరంలో కూడా మన లాంటి తేమే. అక్కడ లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అంజీర్ రకాలు తయారు చేసినప్పుడు కన్ను మూసుకుని ఉండటాన్ని ముఖ్యమైన గుణంగా ఎంచుకున్నారు. కాబట్టి ఏ రకం గురించి ఎవరు చెప్పినా "ఎంత ఎత్తు పెరుగుతుంది" అని అడిగే ముందు "కన్ను ఎలా ఉంటుంది" అని అడగండి.

ఇంకొక సంగతి. అంజీర్‌లో మామూలు రకాలు పరాగం లేకుండానే కాస్తాయి. స్మిర్నా జాతి రకాలకు మాత్రం ఒక ప్రత్యేకమైన చిన్న కందిరీగ వచ్చి పరాగం చేయాలి, లేకపోతే పిందెలన్నీ గోళీకాయంత అయ్యి రాలిపోతాయి. కాలిమిర్నా ఆ కోవలోదే. శాన్ పెడ్రో జాతి అని మరొకటుంది, అది పాత కొమ్మ మీద వచ్చే తొలి కాపును మాత్రమే పరాగం లేకుండా నిలుపుకుంటుంది. మనం ఏటా పాత కొమ్మ కోసేస్తాం కాబట్టి అదీ మనకు పనికిరాదు. ఈ రెండు జాతుల పేర్లు ఎక్కడైనా కనిపిస్తే పక్కన పెట్టేయండి.

బ్రౌన్ టర్కీని మొదట ఎందుకు చెప్పానంటే, గట్టిగా కత్తిరించినా ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మ మీదే కాసేస్తుంది. ఎరుపు కలిసిన గోధుమ రంగు తోలు, లోపల లేత గులాబీ గుజ్జు. తీపి మధ్యస్థంగా ఉంటుంది, ఆ మాట దాచను. చలికాలం పెద్దగా లేని చోట కూడా కాస్తుంది, విశాఖకు అది చాలా అవసరం. కన్ను పూర్తిగా మూసుకోదు, అందుకే పండే కాలాన్ని మనం ఎండాకాలం వైపు జరపాలి. అదెలాగో కింద చెప్తాను. చాలా చోట్ల కుండీల్లో కనిపించే అంజీర్ ఇది.

పూనా రకం మన దేశంలో వ్యాపారానికి పండించే అంజీర్‌లో ముఖ్యమైనది. పుణె జిల్లా పురందర్ అంజీర్‌కు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గంట ఆకారం, లేత ఊదా కలిసిన తోలు, లోపల గులాబీ గుజ్జు. రుచిలో బ్రౌన్ టర్కీ కంటే నాకిదే ఇష్టం. మనం తినే తాజా అంజీర్‌లో చాలావరకు ఈ రకమే కాబట్టి వచ్చిన పండు సరైనదో కాదో తెలుసుకోవడం కూడా తేలిక. కొమ్మలు కాస్త సాగుతాయి, అందుకని వేసవి మొదట్లో చిగురు తుంచడం మరిచిపోకూడదు. దినకర్ అని దౌలతాబాద్ రకం నుంచి ఎంపిక చేసిన రకమూ ఉంది, దొరికితే తీసుకోవచ్చు.

దయానా, కొనాడ్రియా మంచి రకాలే. దయానా పండు పెద్దది, ఎండబెట్టడానికి బాగుంటుంది. కానీ రెండూ దూకుడుగా పెరిగేవి. అనంతపురం లాంటి పొడి నేలల్లో ఎకరాల లెక్కన వేసేవాళ్లకు సరిపోతాయి, మూడు కుండీల డాబాకు నేను చెప్పను. నాకు "నల్ల డ్వార్ఫ్" పేరుతో వచ్చింది దయానాయే అని పండు చూశాక అనుకున్నాను.

నిజంగా దగ్గర కణుపుల రకం కావాలంటే వైలెట్ డి బోర్డో. దీన్నే నెగ్రోన్, పెటీట్ నెగ్రా పేర్లతో కూడా అమ్ముతుంటారు. ఆకు ఐదు వేళ్లు చాపిన చెయ్యిలా లోతుగా చీలి ఉంటుంది. పండు చిన్నది, నలుపు, లోపల స్ట్రాబెర్రీ ఎరుపు. నా దగ్గర ఒక కుండీ ఉంది, నాలుగేళ్లకు నాలుగడుగులే పెరిగింది. రుచికి నా ఐదు కుండీల్లో దానిదే మొదటి స్థానం. అయితే రెండు ఇబ్బందులు. మొదటి రెండేళ్లు చాలా నెమ్మది. పైగా ఈ రకంలో మొజాయిక్ వైరస్ తరచుగా ఉంటుంది. ఆకుల మీద పసుపు మచ్చలు, వంకర ఆకులు, చిన్న మొక్క ఒక్కోసారి అసలు ముందుకు కదలదు. మొదటి చెట్లతో మీకు అనుభవం వచ్చాక, ఇంకో రెండేళ్లకు, ఎవరి దగ్గరైనా బాగా కాస్తున్న చెట్టు నుంచి కొమ్మ తీసుకుని పెట్టుకోండి. లిటిల్ మిస్ ఫిగ్గీ అనేది దీన్నుంచి పుట్టిన పొట్టి రూపం. అసలైనది దొరికితే కుండీకి దానికంటే నప్పేది లేదు. కానీ ఇక్కడ "డ్వార్ఫ్" పేరుతో అమ్ముతున్న మొక్క అదేనని చూసి చెప్పే వీలు లేదు, అందుకే 1500 వద్దన్నాను.

సెలెస్ట్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. కన్ను గట్టిగా మూసుకుని ఉంటుంది, తేమకు బాగా తట్టుకుంటుంది. కానీ గట్టిగా కత్తిరిస్తే కాపు తగ్గిపోయే రకం. కుండీలో కత్తిరించక తప్పదు కదా. నేలలో చోటున్నవాళ్లకు, మధురవాడ వైపు సొంత ఇల్లు ఉన్నవాళ్లకు దాన్ని సంతోషంగా చెప్తాను.

మొక్క ఎక్కడ తెచ్చుకోవాలన్న దానికి నా మాట: కాస్తున్న తల్లి చెట్టును కళ్లతో చూసి తెచ్చుకోండి. కడియం వెళ్లే పని ఉంటే అక్కడి నర్సరీల్లో అడగండి, తల్లి చెట్టు చూపించమనండి, చూపిస్తేనే తీసుకోండి. అత్తి మొక్క అని మాత్రం అడగకండి. మన వైపు అత్తి అంటే మేడి అనుకునేవాళ్లు ఉన్నారు, మేడి మొక్క ఇస్తే అది డాబా మీద ఇమిడేది కాదు. అంజీర్ అనే అడగండి. అంతకంటే మంచి దారి తెలిసినవాళ్ల చెట్టు నుంచి కొమ్మ తెచ్చుకోవడం. పెన్సిల్ మందం, జానెడు పొడవు, నాలుగు కణుపులు ఉన్న ముదురు కొమ్మ చాలు. పాలు కారడం ఆగేదాకా ఒక పూట నీడలో ఉంచి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా తడి ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన చిన్న కవర్లో నాటండి. నెలన్నరలో వేరు పట్టేస్తుంది. ఆ పాలు చర్మానికి తగిలి ఎండ పడితే బొబ్బలెక్కుతాయి, కాబట్టి కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. తెచ్చిన ఏ మొక్కకైనా ఆకు మీద పసుపు పచ్చ కలిసిన గజిబిజి మచ్చలు కనిపిస్తే తీసుకోకండి, మొజాయిక్‌కు మందు లేదు.

ఇప్పుడు కత్తిరింపు కాలం. మహారాష్ట్ర రైతులు అంజీర్‌కు రెండు కాపులు చెప్తారు: వానాకాలంలో వచ్చేది ఖట్టా బహార్, ఎండాకాలంలో వచ్చేది మీఠా బహార్. పేర్లలోనే పులుపూ తీపీ ఉన్నాయి. మనం పట్టుకోవాల్సింది మీఠా బహార్. సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదటి వారంలోనో, వాన తెరిపి ఇచ్చిన రోజు చూసి, ప్రతి కొమ్మనూ మోకాలి ఎత్తుకు కోసేయండి. కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి. నేను ఈ నెలే పట్టుకోవడానికి ఇంకో కారణం తుపాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా డాబా మీద నిండుగా ఆకులున్న ప్రతి కుండీ పడిపోయింది, మోడుగా ఉన్న రెండు గోరింట కుండీలు మాత్రం కదలలేదు. అంజీర్ ఆకు అరచెయ్యి కంటే పెద్దది, గాలికి తెరచాపలా పట్టేస్తుంది. అక్టోబర్‌లో మోడుగా ఉంటే చెట్టుకీ మంచిది, కింద నడిచేవాళ్లకీ మంచిది. నవంబర్‌లో చిగురు వస్తుంది. ఒక్కో మొక్కకు నాలుగైదు కొమ్మలు ఉంచి మిగతావి తీసేయండి. ఐదారు ఆకులు వచ్చాక తల తుంచండి, అక్కడి నుంచి ఆకు మొదట్లో పిందెలు కనిపిస్తాయి. పిందె పండు కావడానికి మూడున్నర, నాలుగు నెలలు. మార్చి, ఏప్రిల్‌లో పండు చేతికి వస్తుంది, జూన్ వానలకు ముందే ప్రధాన కాపు అయిపోతుంది. బ్రౌన్ టర్కీ తెరిచిన కన్ను అప్పుడు మనకు సమస్యే కాదు.

కుండీ గురించి ఎక్కువ రాయను. మొదటి ఏడాది 12 అంగుళాలు, తర్వాత 18 అంగుళాల గ్రో బ్యాగ్ లేదా 200 లీటర్ల నీలం డ్రమ్ము సగం. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద డ్రమ్ములో పెడితే మట్టి ఆరక వేరు కుళ్లుతుంది. బరువు మాత్రం లెక్క వేసుకోండి. 18 అంగుళాల బ్యాగ్ తడిసిందంటే సుమారు 80 కిలోలు, సగం డ్రమ్ము 120 కిలోలు పైనే. శ్లాబు మధ్యలో కాకుండా కింద గోడ లేదా బీమ్ ఉన్న చోట పెట్టండి. ఎర్రమట్టి నాలుగు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు మూడు, ముతక ఇసుక రెండు, కోకోపీట్ ఒకటి, దాంట్లో నాలుగు పిడికెళ్ల వేపపిండి. వేపపిండి మానకండి, అంజీర్ వేరుకు నులిపురుగుల బెడద ఎక్కువ. వేరు మీద పూసల్లా బుడిపెలు కనిపిస్తే అవే. రెండు మూడేళ్లకోసారి అక్టోబర్‌లో మొక్కను బయటికి తీసి చుట్టూ రెండు అంగుళాల వేరు కోసి, కొత్త మట్టి వేసి, అదే కుండీలో పెట్టండి. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నెలకోసారి మంచినీళ్లతో అడుగు నుంచి కారేదాకా తడపండి.

మన ఊళ్లో తప్పించుకోలేని తెగులు తుప్పు. ఆగస్టు, సెప్టెంబర్‌లో ఆకు తిప్పి చూస్తే కింద గోధుమ రంగు పొడి, వేలికి పసుపు కుంకుమ కలిపినట్టు అంటుతుంది. తర్వాత ఆకు ఎండి రాలుతుంది. మొదటిసారి చూసినవాళ్లు చెట్టు చచ్చిపోతోందని భయపడతారు. చావదు. రాలిన ఆకులన్నీ ఏరి డాబా మీంచి తీసేయండి, కంపోస్ట్‌లో వేయకండి. వానలు మొదలయ్యేటప్పుడు ఒకసారి, ఆగస్టులో ఒకసారి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ఆకు కింది వైపు తడిసేలా కొట్టండి. కాయ పండే నెలల్లో కొట్టకూడదు. ఎలాగూ అక్టోబర్‌లో కత్తిరిస్తాం కాబట్టి తుప్పు పట్టిన ఆకు ఆ పనితోనే పోతుంది, కొత్త చిగురు పొడి నెలల్లో శుభ్రంగా వస్తుంది.

కోత విషయంలో ఒక్క మాట. అంజీర్ కోశాక పండదు, అరటిలా గడ్డిలో పెట్టి మగ్గబెట్టలేం. నిక్కబొడుచుకున్న కాయ ఒక రోజు మెడ వాల్చి కిందికి వేలాడుతుంది, తోలు మీద సన్నటి తెల్ల చారలు పడతాయి, అడుగున తేనె చుక్క నిలుస్తుంది. ఆ పొద్దున కోయాలి. సాయంత్రం వరకు ఉంచితే గోరింకలు తినేస్తాయి, అందుకే మెడ వాలడం మొదలైన కాయకు నేను పల్చటి గుడ్డ సంచి కడతాను.

ఇక మీ పాత చెట్టు. పారేయకండి. మీరు రాసినదాన్ని బట్టి మూడు లోపాలు కనిపిస్తున్నాయి. ట్యాంక్ పక్కన రోజుకు మూడు గంటల ఎండే వస్తోంది, అంజీర్‌కు ఆరేడు గంటలు కావాలి. వారం వారం జీవామృతం పోస్తున్నారు, నత్రజని ఎక్కువై అంతా ఆకూ కొమ్మా అయిపోయింది. రెండేళ్లుగా ఒక్కసారి కూడా కత్తిరించలేదు. పిందె రాలడం చూసి అది కందిరీగ కావాల్సిన రకమేమో అని అనుమానించవచ్చు, కానీ ఈ మూడు సరిచేయకుండా ఆ మాట అనలేం. దాన్ని తూర్పు పిట్టగోడ వైపు జరపండి. జీవామృతం ఆపేసి అక్టోబర్‌లో రెండు పిడికెళ్ల ఎముకల పొడి, ఒక పిడికెడు బూడిద వేయండి. మోకాలి ఎత్తుకు కోయండి. పిందె ఉన్న నెలల్లో కుండీ పూర్తిగా ఎండనివ్వకండి, ఒక రోజు ఎండబెట్టి మర్నాడు ముంచితే పిందె రాలుతుంది, పండు పగులుతుంది. మార్చికి ఒక్క పండు నిలిచినా దాన్ని నిలువుగా కోసి, లోపలి గుజ్జు, అడుగున కన్ను, పక్కన ఒక ముదురు ఆకు పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అది ఏ రకమో అప్పుడు చెప్పగలను. దాన్ని ఉంచాలో, ఆ చోటు వైలెట్ డి బోర్డోకి ఇవ్వాలో కూడా అప్పుడే చూద్దాం.